కాయ లేని కాలంలో నూజివీడు

నూజివీడు వెళ్లొచ్చామని చెప్పగానే మా వీధిలో ప్రతివాళ్లూ ముందు మా చేతులకేసి చూశారు. బుట్ట లేదు. తర్వాత మా మొహాలకేసి చూశారు. "ఆశ్వయుజంలో నూజివీడేంటమ్మా, పళ్లెక్కడివి?" అని ఒకరు, "పోనీ అక్కడ చుట్టాలున్నారా?" అని ఇంకొకరు. లేరు. పెళ్లి కాదు, పేరంటం కాదు, మొక్కుబడి కాదు, వైద్యం అసలే కాదు. మొగుడూ పెళ్లాం పిల్లల్ని ఇంట్లో వదిలి రెండు రోజులు ఊరికే తిరిగొచ్చారంటే నమ్మడానికి మా వీధికి ఇంకో పదేళ్లు పడుతుంది. అడిగినవాళ్లందరికీ విడివిడిగా చెప్పే ఓపిక నాకు లేదు. అందుకని ఒక్కసారే రాసి పెడుతున్నాను. మీరూ వెళ్లదలుచుకుంటే వెళ్లండి, బాగుంటుంది. నేను చేసిన పని మాత్రం చేయకండి.

ప్లాను

ఈ ప్రయాణం మావారి బుర్రలో పుట్టింది. ఆయన రాజమండ్రిలో హైస్కూలు లెక్కల మేష్టారు. పెళ్లయి పదకొండేళ్లయినా మేమిద్దరమే కలిసి రైలెక్కింది లేదు. ఎక్కినప్పుడల్లా అత్తగారో, ఆడపడుచో, పిల్లలో, ఎవరి పెళ్లికో మోసుకెళ్తున్న అరిసెల డబ్బానో మా ఇద్దరి మధ్యా కూచునేది. ఒక మధ్యాహ్నం నేను కందిపప్పు ఏరుతుంటే ఆయనొచ్చి పక్కన కూలబడి, "దసరా సెలవులు అయిపోయేలోగా మనిద్దరమే ఎక్కడికైనా పోదామా?" అని గుసగుసగా అన్నారు. బోర్డు దగ్గర అరిచి అరిచి ఆయన గొంతు గుసగుసలకి పనికిరాకుండా పోయింది. వంటింట్లో ఉన్న మా అత్తగారికి కూడా శుభ్రంగా వినపడింది.

నూజివీడే ఎందుకంటే, ఏటా వేసవిలో ఆ ఊరి చిన్నరసం మామిడిపళ్లు రసం మోచేతుల దాకా కారేటట్టు తింటాం కదా, ఆ చెట్లు ఎలా ఉంటాయో చూడొద్దా అన్నారు. పైగా రాజమండ్రిలో ఎక్కితే మధ్యలో బండి మారక్కర్లేదు. పాత ప్రశ్నపత్రం వెనకవైపు ఆయన ప్లాను రాశారు. ఎక్కే వేళ, దిగే వేళ, టిఫిను వేళ, కోట చూసే వేళ, తోటలు చూసే వేళ, అన్నీ వరసగా. అందులో నాలుగో లైను "స్టేషను నుంచి ఊళ్లోకి నడక, పది నిమిషాలు" అని ఉంది. అది ఎవర్ని అడిగి రాశారో ఇప్పటికీ చెప్పరు.

అత్తగారు ఒప్పుకోరని భయపడ్డాం. అబద్ధం ఒకటి అల్లుదామని కూడా అనుకున్నాం గానీ ఆవిడ ముందు మావారికి అబద్ధం అతకదు. నిజమే చెప్పాం. ఆవిడ వత్తి చేసుకుంటూ కాసేపు ఆలోచించి, "శుక్రవారం ఇల్లాలు గడప దాటకూడదు. శనివారం పోండి" అన్నారు. అంతే! నేను తెల్లబోయాను. పడుకునే ముందు మాత్రం నన్ను పిలిచి, "మీ మావగారూ నన్నొకసారి తీసుకెళ్లారే, కోటిపల్లి. తద్దినం పెట్టడానికి" అన్నారు. నాకు నవ్వొచ్చింది, ఆవిడ మీద జాలీ వేసింది.

రైల్లో

శనివారం చీకటితోనే పాసింజరెక్కాం. మూడో తరగతి. గోదావరి వంతెన మీద అందరూ కానులు విసిరారు, నేనూ విసిరాను. మా ఊరి నదే అయినా రైల్లోంచి చూస్తే పరాయిదానిలా దణ్ణం పెట్టబుద్ధవుతుంది. వంతెన దాటేసరికి ఆకలేసింది. మావారి ప్లాను ప్రకారం పులిహోర తాడేపల్లిగూడెంలో విప్పాలి. నేను కొవ్వూరులోనే విప్పాను. ఆయన గడియారం చూసుకుని నిట్టూర్చి చెయ్యి చాపారు.

నిడదవోలులో ఒక పెద్దాయన ఎక్కి మా ఎదురుగా కూచున్నారు. ఊరేమిటి, పేరేమిటి, జీతమెంత అన్నీ అడిగి, చివరికి పనేమిటని అడిగారు. ఊరికే చూడ్డానికని చెప్పాం. ఆయన గొంతు తగ్గించి మావారితో, "సంతానం లేదా బాబూ?" అన్నారు.

"ఇద్దరున్నారండీ" అన్నారు మావారు.

"మరింకేం కావాలి?" అని ఆయన ఏలూరు దాకా మమ్మల్ని అనుమానంగా చూస్తూనే ఉన్నారు. ఏలూరులో దిగేటప్పుడు నా చేతిలో ఒక అరటిపండు పెట్టి, "అంతా సర్దుకుంటుందమ్మా" అని దీవించారు. ఏం సర్దుకోవాలో నాకు తెలియలేదు గానీ పండు బాగుంది.

స్టేషను ఉంది, ఊరు లేదు

నూజివీడు అని బోర్డున్న స్టేషనులో దిగాం. బోర్డు చూసి మావారి ఛాతీ కొంచెం పొంగింది. బయటికొస్తే రెండు జట్కాలు, ఒక సోడా బండి, చుట్టూ వరి పొలాలు. కోట లేదు. తోట లేదు. ఆయన టిక్కెట్లు తీసుకునే ఉద్యోగి దగ్గరికెళ్లి, "ఊళ్లోకి ఎటు నడవాలండీ?" అన్నారు.

"ఏ ఊళ్లోకండీ?"

"నూజివీడు."

ఆయన మా పెట్టె కేసి, నా పట్టుచీర కేసి చూసి, "నడుస్తారా? పన్నెండు మైళ్లండీ. ఇది బాపులపాడు. నూజివీడు వాళ్లు రైలెక్కడానికి వస్తారు గనక ఆ పేరు పెట్టారు గానీ, ఊరిక్కడ లేదు" అన్నారు. పాపం, నవ్వకుండా ఉండాలని చాలా ప్రయత్నించారు. నేను అదీ చెయ్యలేదు. సోడా బండి మీద చెయ్యి వేసి కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వాను. లెక్కల మేష్టారు జేబులోంచి ప్లాను తీసి పెన్సిలుతో నాలుగో లైను కొట్టేశారు.

బొగ్గు బస్సు

జట్కాలో హనుమాన్ జంక్షన్ చేరి, ఆంజనేయస్వామికి దణ్ణం పెట్టుకుని, అక్కడ నూజివీడు బస్సెక్కాం. తలా ఆరణాలు. యుద్ధం అయిపోయి ఏళ్లు గడిచినా ఆ బస్సుకి పెట్రోలు యోగం రాలేదు. వెనకాల పెద్ద బొగ్గుల కొలిమి తగిలించారు. క్లీనరు దాని చక్రం పావుగంట తిప్పితే గానీ బండి దగ్గి లేవలేదు. మిట్ట వచ్చినప్పుడల్లా మగవాళ్లంతా దిగి తొయ్యాలి. మావారు మూడుసార్లు దిగారు. మూడోసారి ఎక్కేసరికి ఆయన తెల్ల చొక్కా, నా పట్టుచీర ఒకే రంగులోకొచ్చాయి.

నా పక్కన నలభై అయిదేళ్ల ఆవిడ కూచున్నారు. తెల్లచీర, ఒళ్లో మూటగట్టిన కొత్త చేటలు. నా మొహాన మసి తన కొంగుతో తుడిచేశారు. ఎవరు, ఏమిటి అని అడగకముందే తుడిచేశారు, అదీ నాకు నచ్చింది. పేరు రత్తమ్మగారట. నూజివీడు దాటి విస్సన్నపేట రోడ్డు మీద రెండు మైళ్లు పోతే వాళ్ల ఊరు, ఊరి చివర మామిడి తోట. మేమెందుకొచ్చామో ఆవిడా అడిగారు. ఊరికేనని, మామిడి తోటలు చూడాలని ఉందని చెప్పాను.

"ఊరికేనా!" అని ఒళ్లో మూట సర్దుకుని, "మంచి పని చేశారు" అన్నారు. పొద్దుట్నించీ ఆ మాట అన్న మొదటి మనిషి ఆవిడే.

సత్రం

నూజివీడులో దిగి ముందు హోటల్లో పెసరట్లు తిన్నాం. అల్లం పచ్చడి మా వైపు కంటే రెండింతలు కారం. మావారికి ఎక్కిళ్లు పట్టుకుని నాలుగు గ్లాసుల నీళ్లకి గానీ దిగలేదు. కాఫీ అణాన్నర. బజారులో మామిడి వర్తకుల కొట్లన్నీ చల్లగా ఉన్నాయి. వేసవిలో మనిషి దూరే సందుండదట, ఇప్పుడు గుమాస్తాలు గోడకి జేరబడి పులీమేకా ఆడుతున్నారు. ఒక కొట్లో ఖాళీ గంపలు కప్పు దాకా పేర్చి ఉన్నాయి. మేం ఆగి చూస్తుంటే కొట్టాయన, "జ్యేష్ఠంలో రండమ్మా, ఇప్పుడేం చూస్తారు గంపల్ని" అన్నాడు. కోట బయటినుంచే చూశాం. జమీందారీలు పోతాయట కదా అని కాపలావాణ్ణి మావారు అడిగితే, "పోతే పోతాయండి, నా జీతం ఎవరిస్తారో అది చెప్పండి" అన్నాడు.

ప్లానులో రాత్రి బస సత్రం. సత్రం గుమాస్తా పెద్ద పుస్తకం తెరిచి, "వచ్చిన పని?" అన్నాడు.

"ఊరు చూద్దామని."

కళ్లజోడు తీసి తుడుచుకుని నా మంగళసూత్రం కేసి చూశాడు. తర్వాత మావారి బట్టతల కేసి. "మీ పెద్దవాళ్లెవరైనా వెంట వచ్చారా?" అన్నాడు. ముప్ఫై రెండేళ్లు నిండి, ఇద్దరు బిడ్డల తల్లినయ్యాక, లేచిపోయి వచ్చానని అనుమానపడిన మహానుభావుణ్ణి అక్కడే చూశాను. నాకు కోపం రావాల్సింది. నిజం చెప్పొద్దూ, కొంచెం గర్వంగా ఉంది! మావారికి మాత్రం తల కొట్టేసినట్టయింది. "నేను గవర్నమెంటు పరీక్షలకి పేపర్లు దిద్దేవాణ్ణి" అంటున్నారు, అతను వింటే కదా.

ఆ గొడవలో ఉండగానే వీధిలోంచి ఒంటెద్దు బండి మీద పోతూ రత్తమ్మగారు చూశారు. బండి ఆపించి, "అమ్మాయ్, ఆ పుస్తకంలో ఏం రాస్తారో రాసుకోనీ. మా ఇంటికి రండి. తోట చూడాలన్నారుగా, తోటలోనే ఇల్లు" అన్నారు. మొహమాటపడుతున్న మావారిని నేనే ముందు బండెక్కించాను.

రత్తమ్మగారిల్లు

మా గోదావరి వైపు తోటంటే కొబ్బరి, అరటి, కాళ్ల కింద తడి. ఇక్కడ నేల ఎర్రగా, పొడిగా ఉంటుంది. చెట్లు వరసలు తీరి, ఒక్కొక్కటీ గొడుగులా గుండ్రంగా, నల్లటి పచ్చగా ఉన్నాయి. నూట ఇరవై చెట్లట. పాలేరు ముత్యాలు ఒక చెట్టెక్కి కొమ్మల్లో మొలిచిన బదనిక కొట్టేస్తున్నాడు. చెట్టు రసం తాగి బతికే పాడు మొక్క అది, ఈ రోజుల్లో తియ్యకపోతే కొమ్మ ఎండిపోతుందట. కాయ లేకపోతే తోటలో పనుండదనుకున్నాను గానీ, పనంతా ఇప్పుడేనట.

భోజనంలో మామిడి ఒరుగులేసిన పప్పు పెట్టారు. వేసవిలో ముక్కలు కోసి ఎండబెట్టి దాస్తారు. మేమూ చేస్తాం గానీ మా ఒరుగులకి ఇంత వాసనుండదు, ఒప్పుకుంటున్నాను. మాగాయ, గడ్డపెరుగు, చివర్న చిన్నరసం తాండ్ర. ఆశ్వయుజంలో మామిడిపండు తినలేదని ఎవరన్నారు? మావారు తాండ్ర మూడుసార్లు వేయించుకున్నారు.

సాయంకాలం అరుగు మీద కూచున్నప్పుడు రత్తమ్మగారు తన సంగతి చెప్పారు. ఆయన పోయి రెండేళ్లయింది. పిల్లల్లేరు. కిందటేడు తోట బేరమంతా మరిది కోటయ్యగారు చూశారు. ఇక్కడ కొందరు వర్తకులు పూత వచ్చేదాకా ఆగరు. దసరా వెళ్లగానే వచ్చి, ఆకు చూసి, చెట్టు చూసి, రాబోయే కాపుకి ముందే బజానా డబ్బు ఇచ్చి పోతారు. "ఈ ఏడు నేనే మాట్లాడతానన్నాను. మా మరిది నవ్వాడు. ఆడదానివి, మామిడి వర్తకుడు శెట్టిగారితో బేరం నీకేం తెలుసన్నాడు. చివరికి పందెంలాంటిది పెట్టాడమ్మా. రేపు శెట్టిగారు నా చేతిలో బజానా పెడితే ఇక తోట జోలికి రాడు. పెట్టకపోతే తోట తనకి అప్పగించాలి. వెనక వరసలు కొట్టించి పొగాకు వేస్తాడట."

"మీరు ఒప్పుకున్నారా?" అన్నాను.

"నలుగుర్లో అడిగాడు. ఒప్పుకోకపోతే చేతకాదని నేనే చెప్పుకున్నట్టు కాదూ!" అని చీకటి పడుతున్న చెట్ల కేసి చూశారు. "పెళ్లయి వచ్చినప్పుడు ఇవి నా భుజమంత ఉండేవి. నీళ్లు మోసింది నేను. రేపు పొద్దున్న శెట్టిగారొస్తారు. ముందు వరసలు చూపించి, మజ్జిగిచ్చి, మాట తీసుకుంటాను."

ఆ చివరి మాటలో ఎంత ఉందో నాకప్పుడు అర్థం కాలేదు. బజానా రావాలని మాత్రం తాండ్ర సాక్షిగా మొక్కుకున్నాను.

ఆదివారం పొద్దున్న

ఇంట్లో అయితే ఆ వేళకి నేను రెండు బిందెల నీళ్లు మోసి, పాలు కాచి, ఇద్దర్ని తిట్టి ఉండేదాన్ని. ఇక్కడ ఏ పనీ ముట్టుకోనివ్వలేదు. ఇద్దరం తోటలోకి నడిచాం. ముందు వరసలు దాటి, బావి దాటి, చాలా లోపలికి పోయాం. అక్కడ నా కాళ్లాగిపోయాయి.

ఆ వెనక చెట్లకి చెట్లే ఎర్రగా ఉన్నాయి. లేత చిగురు. కొత్త రాగిచెంబు రంగులో, మెత్తగా వేలాడుతూ, ఎండ పడ్డ చోట లోపల దీపమున్నట్టు. గాలి వేస్తే చెట్టంతా ఒక్కసారి కదిలేది. నా జన్మలో అంత అందమైన చెట్టు చూడలేదు. మావారు కూడా ప్లాను కాగితం జేబులోంచి తియ్యలేదు. చాలాసేపు ఉత్తినే నిలబడ్డాం.

"అప్పుడప్పుడు ఇలా వస్తుండాలి" అన్నారాయన.

"తోటకా?"

"నీతో" అన్నారు, తల అటు తిప్పుకుని. ఆయన చెవులెర్రబడ్డాయి. తర్వాత చెయ్యెత్తి ఒక చిగురు గుత్తి తుంచి, వచ్చీరాని చేతుల్తో నా జడలో దోపారు. పదకొండేళ్లలో మల్లెపూలు పొట్లం కట్టి తెచ్చి గూట్లో పెట్టడమే గానీ, ఆయన చేత్తో పెట్టింది లేదు. నా కాళ్లు భూమ్మీద లేవు. ఆ ఊపులో గబగబా ఇంటికేసి నడిచాను.

అరుగు మీద శెట్టిగారు కూచుని ఉన్నారు. అరవై ఏళ్లుంటాయి, మెళ్లో తుండు, చేతిలో మజ్జిగ గ్లాసు. ముందు వరసలు చూసేసి వచ్చినట్టున్నారు. రత్తమ్మగారి మొహం వెలిగిపోతోంది. స్తంభానికి ఆనుకుని మీసాలాయన ఒకరున్నారు, కోటయ్యగారే అయ్యుంటారు, మొహం మాడ్చుకుని ఉన్నారు. బేరం కుదిరిపోయిందన్నమాట! నా సంతోషం పట్టలేకపోయాను.

"అక్కయ్యగారూ! మీ వెనక వరసలెంత బాగున్నాయండీ! చెట్టు చెట్టంతా ఎర్రటి చిగురే, ముదురాకు ఒక్కటి కనిపిస్తే ఒట్టు! చూడండి, మావారు నా జడలో కూడా పెట్టారు" అని వెనక్కి తిరిగి చూపించాను కూడా.

తిరిగి చూస్తే శెట్టిగారి గ్లాసు పెదాల దగ్గర ఆగి ఉంది. కోటయ్యగారి మీసాల కింద నవ్వు మొలుస్తోంది. రత్తమ్మగారి మొహంలో నెత్తురు లేదు.

శెట్టిగారు గ్లాసు కింద పెట్టి తుండు దులుపుకుని లేచారు. "వెనక వరసలు కూడా చూద్దాం పదండమ్మా" అన్నారు నెమ్మదిగా.

వాళ్లు ముగ్గురూ కదిలాక ముత్యాలు నా దగ్గరికొచ్చాడు. తిట్టలేదు. అంతకంటే ఘోరంగా, జాలిపడ్డాడు. "భాద్రపదం దాటాక చిగురేసిందంటే చెట్టు బలమంతా ఆకుకే పోద్దమ్మా. ఆకు ముదరాలా, ఆపైన పూత రావాలా. సంక్రాంతికి ఆ చెట్లకి పూత ఎక్కణ్ణుంచొస్తది? చిగురు చూస్తే వర్తకుడు పారిపోతాడు. ఈ ఊళ్లో చంటిపిల్లాడు కూడా ఆ మాట బయటికనడు" అన్నాడు.

రాత్రి అన్నం పెట్టిన ఇంటికి, పొద్దున్నే నోరు పారేసుకుని నిప్పు పెట్టాను. జడలో గుత్తి లాగి పారేద్దామనుకున్నాను, చెయ్యి రాలేదు. మావారు నా మీద చిరాకుపడలేదు, "నేను తుంచకపోతే ఇంత తెలిసేది కాదు" అని తనమీదేసుకున్నారు. "పద, క్షమించమని అడుగుదాం" అని నా చెయ్యి పట్టుకుని నడిచారు. ఒకళ్ల ముందు ఆయన నా చెయ్యి పట్టుకోవడం అదే మొదలు, నాకు ఆ సంగతి చాలాసేపటికి గానీ తట్టలేదు.

వెనక వరసలు

మేం వెళ్లేసరికి శెట్టిగారు ఒక్కో కొమ్మా వంచి ఆకు నలిపి చూస్తున్నారు. కోటయ్యగారు గొంతు సవరించుకుని, "చెప్పానుగా వదినా. ఇందుకే నాకొదిలెయ్యమన్నది" అన్నారు.

నేను అడ్డం పడి, "తప్పు నాదండీ, నాకేం తెలియదు..." అని మొదలుపెట్టాను. రత్తమ్మగారు చెయ్యెత్తి నన్నాపారు. కొంగు నడుముకి బిగించి, శెట్టిగారి ఎదురుగా నిలబడ్డారు.

"శెట్టిగారూ, వెనక వరసలు మీకు చూపించకూడదనే అనుకున్నాను. ఎందుకు దాచాలి? ఇప్పుడు చూశారుగా. ఇక మొత్తం చెప్తా వినండి. బావి పక్క రెండు వరసలూ శ్రావణంలో చిగురేశాయి. ఆకు ముదిరింది, చేత్తో పట్టుకు చూడండి, పెళుసుగా విరుగుతుంది. వాటికి పూత తప్పదు. ఇటుపక్క వరసలో ఈ మూడు చెట్లు సగం కొమ్మే చిగురేశాయి, సగం కాపుంటుంది. ఇదిగో, ఈ చివరి రెండు వరసలూ మాత్రం పోయాయి. ఈ ఏడు పిందె కూడా రాదు. వాటిని బేరంలోంచి తీసెయ్యండి. వాటికి నాకు పైసా వద్దు."

ఆవిడ ఒక్కో చెట్టు దగ్గరికీ నడిచి చెయ్యి వేసి చెప్తున్నారు. ఏది పోయినేడు బాగా కాసి ఈ ఏడు అలిసిపోయిందో, దేనికి వేరు దగ్గర చెద పట్టిందో, దేని కాయ ముందు పండుతుందో. శెట్టిగారు మొదట తల పంకిస్తూ విన్నారు, తర్వాత తల పంకించడం మానేసి ఉత్తినే విన్నారు. మావారు నా చెవిలో, "పాఠం ఇలా చెప్పాలి" అన్నారు. ఆ గుసగుస శెట్టిగారికి కూడా వినపడింది.

ఆయన తిరిగి కోటయ్యగారిని చూశారు. "పోయినేడు తోటంతా పూతేనన్నారు మీరు. నమ్మాను. ముప్ఫై చెట్లు మొండిచెయ్యి చూపించాయి. అప్పట్నించీ ఈ తోటకి ఎంత చెప్పాలన్నా నాకు చెయ్యాడదు. ఏది నిజమో తెలియనప్పుడు అన్నిటికీ సగమే చెప్తాం. ఇవాళ నేను మజ్జిగ తాగుతూ మనసులో అనుకున్నది కూడా సగం ధరేనండి" అన్నారు. తర్వాత రత్తమ్మగారితో, "ఇప్పుడు ఏ చెట్టు ఏమిటో తెలిసింది. తెలిసిన చెట్టుకి పూర్తి ధర ఇస్తానమ్మా. చివరి రెండు వరసలూ మీవి" అని మొలలోంచి సంచీ తీసి, బజానా ఆవిడ రెండు చేతుల్లో పెట్టారు.

ఆవిడ కళ్లకద్దుకుని కొంగున ముడేసుకున్నారు.

కోటయ్యగారు వదల్లేదు. "బాగానే ఉంది. కాయని వరసలు రెండు ఊరికే ఉంచుకుని ఏం చేస్తావొదినా? అవి కొట్టేసి..."

"నలుగుర్లో నువ్వేగా అన్నావ్ కోటయ్యా, బజానా నా చేతిలో పడితే తోట జోలికి రానని" అన్నారావిడ. గొంతు పెంచలేదు. ఆయన శెట్టిగారి మొహం చూసి, ముత్యాలు మొహం చూసి, చివరికి నా జడకేసి కొరకొరా చూసి వెళ్లిపోయారు. నాకైతే అక్కడే చప్పట్లు కొట్టాలనిపించింది.

బండి దగ్గర

తిరుగు రైలు సంగతి చెప్పడానికేం లేదు. బాగా ఆలస్యమైంది, జనం తొక్కిడి, మావారు నిలబడే నిద్రపోయారు, ఇల్లు చేరేసరికి పిల్లలు మేం లేని సంగతి పెద్దగా పట్టించుకున్నట్టు కనపడలేదు. అత్తగారు మాత్రం తలుపు దగ్గరే కూచుని, ఏం చూశారో మొత్తం మొదట్నించీ చెప్పమన్నారు. చెప్పాను. "ఈసారి నన్ను కూడా తీసుకెళ్లండర్రా" అని, మళ్లీ తనే, "వద్దులే, మీ ఇద్దరే వెళ్లండి" అన్నారు.

చెప్పాల్సింది ఇంకొకటుంది. అది రైలెక్కక ముందు, రత్తమ్మగారి ఇంటి ముందు మమ్మల్ని బండెక్కించేటప్పటి మాట.

కథ సుఖంగా ముగిసినా నా మనసు కుదుటపడలేదు. ఆ శెట్టిగారు మరోలాంటి మనిషైతే? నా ఒక్క మాటకి ఆవిడ తోట పోయేదే కదా? బండి పట్టె మీద కాలు పెట్టి దించేశాను. "అక్కయ్యగారూ, నా నోటి దురుసుకి మీరు నన్ను తిట్టెయ్యండి. తిట్టకపోతే నాకు నిద్ర పట్టదు" అన్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి కూడా.

ఆవిడ నవ్వారు. పచ్చళ్ల జాడీ, తాండ్ర మూట బండిలో సర్దుతూ చెప్పారు.

"కాపురానికొచ్చిన ఏడు ఆశ్వయుజంలోనే, ఈ చెట్లు ఇంత ఉన్నప్పుడు, మొదటిసారి ఎర్ర చిగురేశాయి. నాకు పదహారేళ్లు. పరిగెత్తుకొచ్చి అందరి ముందూ, అత్తా, చెట్లెంత బాగున్నాయో అన్నాను. అచ్చం నువ్వన్నట్టే. మా అత్త ఫెడీమని నా నోటి మీద కొట్టింది. చిగురేస్తే ఏడవాలే దరిద్రురాలా అంది. సరే, ఏడుపొచ్చేదే. మా ఆయన దిగులు పడేవాడు, నేనూ పడేదాన్ని. ఇరవై తొమ్మిదేళ్లమ్మాయ్. ఏటా ఏదో ఒక చెట్టు చిగురేస్తుంది. నాకేమో బాగానే కనపడుతుంది. బాగుందని మాత్రం పైకి అన్లేదు, మనసులో అనుకోడానికి కూడా భయమే."

ముత్యాలు ఎద్దుని అదిలించబోయి ఆగాడు. ఆవిడ ఇంటికేసి తిరగలేదు, తోట వెనక్కి చూశారు.

"ఇప్పుడా రెండు వరసలూ ఏ బేరంలోనూ లేవు" అన్నారు. "మీరు బయల్దేరండి. నేనలా వెళ్లి కాసేపు చూసుకుంటాను."